మొగ దగ్గర నీళ్లు

మండపేట రైసుమిల్లులో ఇరవైరెండేళ్లు బాయిలరు కాసిన
గుబ్బల పోశిబాబు గారికి
మా ల్యాబులో ఉక్కుగొట్టం చూస్తే నవ్వు.
"పొడుంకాయలా ఉందేంటమ్మా!"

బొటనవేలంత గొట్టం. అందులో గుక్కెడు టోలీన్,
కంటికి ఆనని బంగారపు నలుసులు, జెర్మేనియం మందు.
మరలు ఆయనే బిగిస్తారు.
ఒక్క చుట్టు ఎక్కువైతే మర పోద్ది,
తక్కువైతే మనం పోతాం.

నాలుగు వందల డిగ్రీలు. ముల్లు వణికి నిలబడింది.
లోపలున్నది ఇప్పుడు ద్రవం కాదు, ఆవిరీ కాదు.
"మరేంటి?"
పుస్తకంలో పేరు చెప్పాను. తల ఊపలేదు.
ఓడలరేవు మొగ దగ్గర, పోటు వేళ,
దోసెడు నీళ్లు ముంచి
ఇది వైనతేయమా సముద్రమా అంటే
ఎవరు చెబుతారండీ, అన్నాను.
"నాలుక చెబుద్ది" అన్నారు.

నిజమే. ఈ గొట్టంలో పెట్టడానికి నాలుక లేదు.

ముందు నడిమి తీగ.
నలుసు జెర్మేనియం మింగి, మింగి,
కడుపు పట్టనప్పుడు కిందనుంచి తీగను వదులుతుంది.
తను మాత్రం ఎప్పుడూ కొసనే.
దాని మీద సిలికాన్ పొర:
ఆత్రేయపురంలో మా చిన్నమ్మ
కాగిన కుండ మీద పిండినీళ్ల గుడ్డ లాగితే
మిగిలే రేకు కన్నా వేల రెట్లు పల్చన.
కుండ ఎంత కాగాలో ఆవిడెక్కడా రాసుకోలేదు.
నేను మూడు నోటుబుక్కులు నింపాను.

పొర మీద మళ్లీ బంగారం చల్లాలి.
అక్కణ్ణుంచి కొమ్మలు రావాలి.
రాలేదు. ఏడు సార్లు.
ఐదోసారి కరెంటు పోయింది.
ఆరోసారి నలుసులన్నీ అతుక్కుని ముద్దయ్యాయి.
ఏడోసారి ఎందుకో తెలీదు.

ఎనిమిదో సీసా,
అంత చూపున్న మైక్రోస్కోపు అమలాపురంలో లేదు గనక,
రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్లింది,
డ్రైవరు వెనక, పనసపొట్టు బుట్ట పక్కన.

పదకొండో రోజు ఫోనుకి బొమ్మ వచ్చింది.
తీగ. ఒంటికి నీడ లాంటి పొర.
పక్కలకి కొమ్మలు, ప్రతి కొమ్మ కొసన నల్లటి చుక్క.

గోదారి పాయలు! అన్నాను, తొందరపడి.
పోశిబాబు గారు ఫోను దూరంగా పట్టుకుని
"పాయ చీలితే నీరు తగ్గుద్దమ్మా.
ఇది తగ్గినట్టు లేదు.
మడకొమ్మ ఇది. చెట్టు మీదుండగానే
గింజ మొలకెత్తుద్ది, చూళ్లేదా?"
చుక్కలేంటని అడిగారు. బంగారం, అన్నాను.
"ఎంతుంటది?"
అంతా పోగేసినా
మీ ఆవిడ ముక్కుపుడక తూకం మారదు.

స్పానరు తుడిచి, వాషరు అరిగిందని చెప్పి,
సైకిలెక్కారు.

కొమ్మలన్నీ ఒకవైపుకే ఎక్కువున్నాయి.
దాని సంగతి రేపు.