వెనకవైపు రాసిన చిల్లర

పొద్దున్నే అయిదున్నరకి మత్తికెరె పార్కులో
నా బండి బయల్దేరుతుంది.
డ్రైవరూ నేనే, కండక్టరూ నేనే.
ప్రయాణికుడు కుడి మోకాలు,
ఎక్కేటప్పుడే గొణుగుతాడు.

ఒక్కో చుట్టు ఒక్కో స్టాపు.
మొదటిది యశ్వంతపుర,
రెండోది పద్దెనిమిదో క్రాస్,
మూడు సర్కిల్, నాలుగు శేషాద్రిపురం.
మెజెస్టిక్ చేరేసరికి చొక్కా వీపుకి అంటుకోవాలి,
అది డాక్టరు నాగవేణి గారి షరతు.
దారిలో సిమెంటు బెంచీ కనిపిస్తే
లోపల ఎవరో "హోల్డాన్" అని అరుస్తారు.
వినపడనట్టు పోతాను.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆ విద్యే కదా నేర్చింది.

వేపచెట్టు కింద నవ్వుల సంఘం
చేతులు పైకెత్తి నవ్వుతుంటుంది.
బ్యాంకులో చేసిన దొరస్వామి రమ్మంటాడు.
ఊరికే నవ్వడం నాకు రాదు సామీ,
మా బస్సులో నవ్వాలంటే
ఎవరో ఒకరు పడాలి.

ఇంటికొస్తే రెడ్డెమ్మ కాచుకొని ఉంటుంది,
సూది పెట్టె, లెక్కల పుస్తకం, కళ్ళజోడు.
వేలి చివర చిన్న పోటు, ఎర్రటి చుక్క.
మిషను అయిదు లెక్కపెట్టి
నూట ముప్పై ఎనిమిది అంటుంది.
"రాత్రి ఏం తిన్నావు?"
టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్న చెకింగువాడి గొంతు.
ఏమీ లేదంటాను.
డబ్బాలో చెనిక్కాయ ఉండలు
ఆమె లెక్కపెట్టే పెట్టింది.

రాగిముద్ద ఒకప్పుడు రెండు చేతుల నిండుగా ఉండేది.
ఇప్పుడు నిమ్మకాయకి అన్న, బత్తాయికి తమ్ముడు.
ఉప్పు సగం, అన్నం గుప్పెడు,
మామిడిపండు ఏడాదికొక్క దినం,
అదీ ఒక చెక్క.
రెండో చెక్కా టెంకా రెడ్డెమ్మవి.
అయినా డిసెంబరు చలిలో
వీధంతా అనపకాయలు వలిచే వాసన లేచినప్పుడు
పొయ్యి మీద పితికిపప్పు కుతకుతమంటుంటే
అడక్కుండానే ఇంకో గరిటె వేసింది.
ఆమె చూపు గోడ మీద, నా చూపు గిన్నెలో.
నలభై ఏళ్ళ కాపురంలో
కొందరు టికెట్టు కొట్టకుండానే ప్రయాణం చేస్తారు.

మధ్యాహ్నం నా సొంతం.
ల్యాబు రిపోర్టుల వెనకవైపు తెల్లగా ఉంటుంది,
ఎవరూ దాని జోలికి పోరు.
కిడ్నీ వెనకా, కొలెస్ట్రాలు వెనకా
పెన్సిలుతో మొహాలు వేస్తాను.
నేర్పినవాళ్ళు లేరు.
చెవులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలీదు,
అందుకే నా మొగవాళ్ళంతా మఫ్లరు కట్టుకుంటారు,
ఆడవాళ్ళంతా కొంగు కప్పుకుంటారు.
మొగ్గల బుట్టతో ఎక్కే ముసలామె,
కిటికీ కడ్డీకి తల ఆన్చి నిద్రపోయే ఐటీఐ కుర్రాడు,
పాసు చూపమంటే పళ్ళు చూపే పిల్లోడు.
ఒకామె మాత్రం కుదరదు.

శేషాద్రిపురంలో ఎక్కింది, వానకి తడిసి ముద్దయి.
మూడు రూపాయల టికెట్టుకి వంద నోటు.
చిల్లర లేదు.
టికెట్టు వెనక తొంభై ఏడు అని రాసిచ్చి
దిగేటప్పుడు తీసుకోమ్మా అన్నాను.
మెజెస్టిక్‌లో తోపులాట.
నోట్లు చేతికొచ్చేసరికి
ఆమె గొడుగుల మధ్య ఎక్కడో.
నేను పిలిచాను.
గట్టిగా పిలిచానో లేదో
ఇప్పుడు చెప్పలేను.
ఆ రాత్రి రెడ్డెమ్మకి రెండు మూరల మల్లెలు,
నాకు నెయ్యి కారే మసాలా దోసె.

పోయిన గురువారం
మిషను తొంభై ఏడు అంది.
రెడ్డెమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది,
పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీసింది,
పక్కింటి కమలాక్షికి కూడా చెప్పొచ్చింది.
నేను మాత్రం వేలిని దూదిలో అదిమిపట్టి
ఆ వానలోనే నిలబడి ఉన్నాను.

మధ్యాహ్నం కొత్త రిపోర్టు తిరగేసి
ముందుగా ఒక గొడుగు వేశాను.
కింద మనిషి
ఇంకా రాలేదు.