వైరున్న దర్వాజ

ముందుగాల పట్టుకున్నది మంగలి ఇలియాస్.
గడ్డం గీకుతుంటే కత్తి ఆపి
అద్దంల నా మెడ చూపిచ్చిండు.
చెవి కింద నరం
బుట్టలేసిన చేపలెక్క ఎగురుతున్నది.
"లింబాద్రి భాయ్, నువ్వైతే ఊకెనే కూసున్నవ్,
ఇదెవరి కోసం ఉరుకుతున్నది?"

అప్పటికే బూట్లు పడ్తలెవ్వు.
సొహార్ ఎండకు అందరి కాళ్లు ఉబ్బుతయనుకున్న.
పొట్ట ఉబ్బితె క్యాంపంత నవ్వింది,
పప్పన్నం తిని షేకువైనవని.

నాలుగేండ్ల కింద పోర్టుల
నిచ్చెన మీదికెల్లి పడ్డప్పుడు
భుజం బొక్క కింద డబ్బి పెట్టిన్రు, అగ్గిపెట్టంత.
దాని వైరు గుండెలకు దించిన్రు.
అది కొడ్తనే ఉన్నది.
మూడు నెలలు జీతం ఆగింది గని
అది ఆగలె.

డాక్టర్ హనాన్ చీకటి అర్రల
సల్లటి జిగురు పూసి మిషిన్ ఆనిచ్చింది.
తెర మీద నీలం, ఎరుపు.
ముందుకు పోవాల్సిన నెత్తురు
మల్ల ఎనుకకే వస్తున్నది.
ఆమె అరబ్బీల చెప్పె,
ఏలియమ్మ సిస్టర్ హిందీల చెప్పె,
నేను నాకు తెలుగుల చెప్పుకున్న:
మూడు రెక్కల తలుపు.
ఒక రెక్కను వైరు ఒత్తిపట్టింది.
మూసుకుంటలేదు.

నాకు తెల్వదా ఈ తలుపు సంగతి!
మా పదకొండో నంబరు అర్రల ప్లగ్గు కాలిపోయిన సంది
వరండాలకెల్లి వైరు గుంజినం, గడప మీదికెల్లి.
ఎనమండుగురి అన్నం కుక్కరు దాని మీదనే.
తలుపు బెత్తెడు తెరుసుకొనే ఉంటది.
ఏసీ సల్లదనం బయటికి,
ఉప్పు గాలి లోపలికి,
తెల్లారితె పరుపుల మీద ఇసుక.
అందరం తిడ్తం.
ఎవ్వడూ వైరు పీకడు.

"తీసేస్తె?" అని అడిగిన.
ఏండ్లు గడిస్తె వైరు కండకు అతుక్కుంటదట,
గుంజితె రెక్క చినుగొచ్చట.
ఉంచితె గుండె సాగిపోతదట, పాత లాగు బొందులెక్క.
(బొంద్ మాట నాదే, ఆమెది కాదు.)
మస్కట్ పెద్ద దవాఖానకు కాయితం రాసిచ్చింది.
దాని మీద సంతకం కంపెనీ పెట్టాలె.
అందాక, నీళ్లు దిగేటందుకు గోలీలు.

రాత్రి పెట్టె మీద కాళ్లెత్తి పండుకున్న.
గాలికి తలుపు వచ్చి వైరు మీద పడ్తది,
ఆగుతది, మల్ల పోతది.
నాకు లెక్క పెట్టుడు అలవాటైంది.
పై బంకు పోరడు, కొత్తగొచ్చినోడు,
దిగి వచ్చి వైరు మీద తువ్వాల మడిచి పెట్టిండు.
"ఇగ పండుకో కాకా" అన్నడు.

చప్పుడు తగ్గింది.
సందు సందే ఉన్నది.
పొద్దుగాల అన్నం పెట్టే వంతు నాది.