చీమ కుట్టినట్టు

"చీమ కుట్టినట్టుందన్నా" అన్నాడు నాగుల్‌మీరా,
చెయ్యి విదిలించుకుని, నవ్వుతూనే.
మే నెల, గవర్నర్‌పేట, మూడో అంతస్తు.
గోడలకే చెమట పడుతున్న మధ్యాహ్నం
చీమలెక్కడివిరా ఇక్కడ?

హస్తిమల్ కొట్టు నుంచి పొద్దున్నే దిగాయి
అట్టపెట్టెలో పన్నెండు సోల్డరింగ్ స్టేషన్లు.
ఒక్కోటి ఆరొందల యాభై, బిల్లు లేకుండా.
నీలం డబ్బా, ఎర్ర అంకెలు,
అడుగున బంగారు రంగు స్టిక్కరు:
తనిఖీ అయిందట, పాసైందట.
గోటితో గీకితే ఊడొచ్చింది.

వాడి చెప్పులు గుమ్మం బయటున్నాయి.
నేల ఇప్పుడే తడిగుడ్డ పెట్టి తుడిచాడు.
అంత ఉక్కలోనూ నాకు వెన్ను చల్లబడింది.

మీటరు తీశాను.
ఒక పుల్ల ప్లగ్గు లావు పిన్నుకి, ఒకటి మొనకి.
కూయాలి అది, పిచ్చుకపిల్లలా.
కూయలేదు.
పుల్లలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే కూసింది.
మీటరు తప్పు కాదు.
మళ్లీ పెట్టాను. ఉలుకూ లేదు పలుకూ లేదు.

నాలుగు మరలు విప్పితే
పచ్చ తీగ ఉంది. ఉండటానికి ఉంది,
పసుపు చారతో, చక్కటి ట్యాగుతో.
బిగించింది మాత్రం పెయింటు మీద.
రంగుకీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి సందు.
మనిషి పట్టేంత సందు.

మూడోదాంట్లో తీగ సగంలో తెగి తొడుగులో దాక్కుంది.
ఐదోదాంట్లో ఫ్యూజు న్యూట్రల్ వైపు:
దొంగ వీధి గుమ్మంలోంచి వస్తుంటే
పెరటి తలుపుకి కాపలా.

హస్తిమల్‌కి ఫోన్ చేశాను.
"ఊరంతా వాడుతోంది మాస్టారూ, ఎవరూ పోలేదే!"
కాసేపాగి, "పోనీ, ముక్కకి యాభై తగ్గించుకోండి."
పన్నెండు యాభైలు ఆరొందలు.
నాగుల్‌మీరా అరచేతి వైపు చూశాను.
ఒక బొబ్బ, రెండు సీసం మరకలు, పందొమ్మిదేళ్లు.

ఎవడు బిగించాడో ఈ మరని, ఏ షెడ్డులో,
రాత్రి షిఫ్టులో ఎన్నో వందల మర ఇది వాడికి.
నాలుక చివరికొచ్చిన బూతు మింగేశాను.
వాణ్నీ కుట్టే ఉంటాయి చీమలు.

బ్లేడుతో రంగు గీకాం,
ఇనుము పళ్లికిలించేదాకా.
పళ్ల వాషరు వేసి బిగించాం.
నీలం పొట్టు వాడి ప్యాంటు నిండా రాలింది.
కీచ్. హమ్మయ్య. కీచ్.

ప్లగ్గు పెట్టి, మొనకి టెస్టరు ఆనిస్తే
లోపలి ఎర్ర మిణుగురు వెలుగుతూనే ఉంది.

ఇక మిగిలింది గోడ.
సాకెట్టు విప్పి, తీగ వెంట
మూడంతస్తులు దిగాం.
మెట్ల కింద, ఎవరిదో స్కూటీ చక్రం కింద
ఎర్తు గొయ్యి.
మూత తీస్తే బీటలు. ఉప్పు లేదు, బొగ్గు లేదు.
తుప్పు తిన్న తీగ పైపుని ఎప్పుడో వదిలేసింది.
పదకొండేళ్లుగా అద్దె కడుతున్నాను,
పదకొండేళ్లుగా ఆ పై చిల్లుని నమ్ముతున్నాను.
ఒక్కనాడు ఈ మూత ఎత్తలేదు.
హస్తిమల్‌ని అడిగిన గొంతుతో ఇప్పుడెవర్ని అడగను?

మెయిన్ ఆపించి కొత్త క్లాంపు వేశాం.
రెండు కిలోల కళ్లుప్పు,
ఇస్త్రీ బండి కోటమ్మ ఇచ్చిన బొగ్గులు,
నాలుగు బకెట్ల నీళ్లు.
గుటకలు వినపడేలా తాగింది నేల.
కృష్ణ కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో
ఇంత దాహమా!

పైకెక్కాక టెస్టరు వాడే పట్టుకున్నాడు.
వెలగలేదు.
కిటికీ చెక్క మూసి, చీకటి చేసి మళ్లీ చూశాడు.
వెలగలేదు.

తొమ్మిది బాగుపడ్డాయి.
బాగుపడని మూడూ వెనక్కి కట్టేస్తుంటే
స్కెచ్ పెన్ను అడిగి
ఒక్కో డబ్బా మీదా ఒక్కో చీమని గీశాడు నాగుల్‌మీరా.
లెక్కపెట్టి చూశాను.
ఆరు కాళ్లూ ఉన్నాయి.