ముప్పై ఒకటో వెర్షన్

బంగారుపాళ్యం నుంచి ఫోను, రాత్రి తొమ్మిదిన్నరకి.
"గుజ్జు చేదొస్తా ఉందక్కా.
జల్లెడ రెండు చోట్ల చిరిగింది.
గేటు బయట డెబ్బై ట్రాక్టర్లు."
అతని మాటల వెనక
ఎవరో రైతు బెంగళూరా కాయల మీదికి
టార్పాలిన్ లాగుతున్న చప్పుడు.

గాజులమండ్యం షెడ్డులో నేనొక్కదాన్నే.
రేణిగుంట వైపు గూడ్సు పోతే
మానిటరు కొంచెం వణుకుతుంది.
టెంక తీసే మిషను ఫైలు తెరిచాను.
ఏ పాపం ఎరగనట్టు తిరుగుతోంది తెర మీద,
బూడిదరంగులో, తడి లేకుండా, ఈగల్లేకుండా.

పక్కన వెర్షన్ల పట్టీ విప్పాను.
నలభై ఒకటి ఉన్నాయి.
తారీఖు, టైము, పేరు, ఒక చిన్న మాట.
ఎవరు చెడగొట్టారో ఈ రాత్రి పట్టుకోవాలి.

నలభై: బోల్టులు మార్చాను. యోగానందం.
ముప్పై ఆరు: రంగు మార్చాడు, దానికీ ఒక వెర్షన్.
ముప్పై మూడు: మాటేమీ లేదు, తెల్లవారుజామున రెండున్నర.
ఎవరికో నిద్ర పట్టలేదు.
ముప్పై ఒకటి:
రెక్కకీ జల్లెడకీ మధ్య సందు 22 నుంచి 16.
గుజ్జు దిగుబడి పెరుగుతుంది.
దమయంతి.

నేనే.

ఫిబ్రవరి పదకొండు, సాయంత్రం ఐదూ నలభై.
ఆ రోజు గుర్తుంది. లెక్క గుర్తుంది.
మేనేజరు చూసి తలాడించడం గుర్తుంది.
ఆ లెక్కలో కాయ ఉంది, తొక్క ఉంది, రసం ఉంది,
టెంక లేదు.

ఇంకా కిందికి పోతే తొమ్మిదో వెర్షన్, చెంగల్రాయులు సార్:
"22 ఉండనీండి. టెంక నలక్కుండా సాగిపోవాల."
నేనిది అప్పుడు చదివానా?
ఎవరు రాశారో చెప్తుంది పట్టీ,
ఎవరు చదవలేదో చెప్పదు.

సారుకి మౌసు చేతికి అలవాటు కాలేదు.
ట్రేసింగు కాగితం మీద తప్పుగీతని
సగం బ్లేడుతో గీకేవాడాయన, ఊపిరి బిగబట్టి.
గీకిన చోట కాగితం పలచనయ్యేది.
కిటికీకి ఎత్తి పట్టి చూపించేవాడు:
"సూడు మే, పోయిందనుకుంటే ఈడనే ఉండాది."

ఇప్పుడు గ్రీమ్స్‌పేటలో అల్లుడి బేరింగుల కొట్టులో కూర్చుంటారు.
పది దాటిందని తెలిసీ ఫోను చేశాను.
"ఇరవై రెండు ఎందుకు పెట్టారు సార్?"
"నేనేడ పెడితిని మే, టెంక పెట్టింది.
పదారులో నలిగితే జీడి పగల్దా?"
తిట్టలేదు.
అన్నం తింటివా అని అడిగి పెట్టేశారు.

రెండు వెర్షన్లూ ఒకదాని మీద ఒకటి పరిచాను,
పాతది పచ్చ, కొత్తది ఎరుపు.
మధ్యలో నా చిటికెనవేలు కూడా పట్టని తేడా.
దాంట్లో ఇరుక్కుంది
డెబ్బై ట్రాక్టర్ల పంట.

ముప్పైకి మొత్తంగా వెనక్కి పోదామా అంటే
యోగానందం బోల్టులు పోతాయి,
అవి మంచి బోల్టులు.
ముప్పై మూడులో నిద్రలేనివాడు దిద్దిన వెల్డింగు పోతుంది.
ఆ ఒక్క సందుని మాత్రం
పాతదాంట్లోంచి ముల్లు తీసినట్టు తీసి
ఈనాటి దాంట్లో పెట్టాలి.
అయినా అది ఫిబ్రవరి కాదు. జూన్ నాలుగు, పదకొండూ పది.
నలభై రెండు.

ముప్పై ఒకటిని చెరిపే వీల్లేదు.
ఉన్నా చెరపను అనుకుంటున్నాను, గట్టిగా చెప్పలేను.
దాని మాట పక్కన ఇంకో మాట చేర్చాను:
టెంక పగిలింది. చేదు నాది.

బంగారుపాళ్యంలో షిమ్ములు తీసి
రెక్కలు ఆరు మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు.
మూడున్నరకి ఫొటో వచ్చింది,
నూనె మరకల అరచేతిలో
పీచుతో సహా ఒక నిండు టెంక.

వెంటనే ఫోను.
"మిషను మీద పదహారని స్టిక్కరు ఉందక్కా, పీకేయమంటావా?"
"వద్దు, ఉండనీ.
దాని మీదే ఇంకోటి అంటించు."