పలక మీద పది

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
అంచు విరిగిన పలకకి ధర లేదు.
అదే మాకు దొరికింది.

శనివారం కూలి చేతిలో పడ్డాక
నేనూ, కాశింబీ, చట్రాలు బిగించే యోగయ్యా
రాతిపొడి గుట్ట వెనక చేరేవాళ్లం.
ఒకటి నుంచి పది దాకా అంకెలు ముందే వేసుకుని
పక్కన ఖాళీ వదిలి
కాసేపు ఆ ఖాళీనే చూస్తా కూర్చునేవాళ్లం.
విస్తరి వేశాక, వడ్డన ఇంకా మొదలుకాక ముందు
ఉంటదే, ఆ నిమిషం.

ఒకటో అంకె దగ్గర తగాదా లేదు.
ఎవరిది వాళ్లకుంటది, దాన్ని గురించి అడక్కూడదు.
కాశింబీది ఒక వాన పాట.
ఎందుకో ఆమె చెప్పలా, మేం అడగలా.
తగాదా అంతా పదోదాని మీదే.
పదో అంకె అంటే గుమ్మం.
లోపలికొచ్చేదెవరో, బయట చెప్పుల కాడ నిలబడేదెవరో
అక్కడే తేలాల.
పదకొండోదై మిగిలిపోయిన పాట
రాత్రి నా మంచం కాడికొచ్చి
"నేనేం తక్కువ చేశా?" అనడిగేది.

మా కొలతలు మావి.
కోత మిషను మోతలోనూ వినపడే పల్లవికి రెండు మార్కులు.
రెండో చరణం నోటికొస్తే ఇంకొకటి.
తెర మీద మంచు కురుస్తుంటే
మే నెల మార్కాపురంలో మన ఒళ్లు జలదరిస్తే
యోగయ్య కళ్లు మూసుకుని అయిదేసేవాడు.
ఫైటు మధ్యలో హీరో చొక్కా రంగు మారితే
మొహమాటం లేదు, కోతే.

ఒక సినిమా మూడేళ్లు మూడో నంబరులో ఉంది.
కంభం రోడ్డు హాల్లో చూస్తుండగా కరెంటు పోయింది.
జనరేటరుకి డీజిలు లేదని
సగం డబ్బులు చేతిలో పెట్టి పంపేశారు.
అన్న తమ్ముణ్ని గుర్తుపట్టాడో లేదో తెలియక
ముగ్గురం మూడు ముగింపులు కట్టుకున్నాం.
నా ముగింపులో వాళ్ల గుడ్డి కుక్క గుర్తుపట్టుద్ది.
తర్వాతెప్పుడో పొదిలి తిరనాళ్లలో తెర కట్టి వేస్తే
అసలుది చూశాం.
తిరిగొచ్చే లారీలో ఎవరూ నోరు విప్పలా.
సోమవారానికి అది పంతొమ్మిది.

క్యాసెట్ల షాపు మాల్యాద్రికి లిస్టు కాగితం ఇస్తే
"అరవైదా, తొంభైదా?" అనేవాడు.
మా డబ్బులకి ఎప్పుడూ అరవైదే.
పదమూడు నిండుగా పట్టేవి.
పద్నాలుగోది మధ్యలో తెగేది.
ఇప్పటికీ ఆ పాట ఏ పెళ్లిపందిట్లో విన్నా
రెండో చరణం మొదట్లో
నా చెవి టక్కుమని ఆగుద్ది.

ఒక వారం విరిగింది దొరక్క
మంచి పలక మీదే రాశాం.
అది కాస్తా సరుకులో కలిసి పెట్టె ఎక్కింది.
మేస్త్రీ నాగిశెట్టికి తెలిసిందని
మూడు రోజులు తల దించుకుని తిరిగాం.
నాలుగో రోజు బీడీ ఆర్పి, దగ్గరకొచ్చి
"పెట్టె ఓడెక్కింది, పోనీండి.
అది కాదురా, ఆరోదాన్ని రెండులో పెట్టకుండా
మీకు అన్నం ఎట్టా దిగుతుంది?" అన్నాడు.
ఆ శనివారం నుంచి మేం నలుగురం.

ఏ దేశంలోనో ఒక పిల్ల
మా అక్షరాలు పిచ్చిగీతలనుకుని
ఉమ్మి తడిచేసి తుడిచేసుంటది.
పదింటినీ ఒక్క తుడుపులో,
ఏ తగాదా లేకుండా.

కాశింబీ ఇప్పుడు తర్లుపాడులో ఉంటది.
నిన్న ఫోను చేసింది.
బాగున్నావా లేదు, తిన్నావా లేదు,
"నీ నాలుగోది ఏంది ఇప్పుడు?" అంది.
చెప్పా.
అటునుంచి కాసేపు మాట లేదు.
"ఛీ, నీ మొహం" అని పెట్టేసింది.

తలుపు వెనక పలక తీసి
నాలుగో వరస బొటనవేలితో తుడిచా.
బలపం చెవి సందున పెట్టుకున్నా గానీ
ఇంకా రాయలేదు.
మూడుకీ అయిదుకీ మధ్యన
తడి ఆరుతున్న నల్లటి చోటు.
పొద్దుట్నుంచీ పాటలు ఒక్కొక్కటే వచ్చి
గుమ్మం కాడ చెప్పులు విప్పుతున్నాయి.