మూడో ప్రశ్న

ఆదివారం రాత్రి గిన్నెలు కడిగేసి
ఒడీల్ మిషో వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరుస్తుంది.
మెయిన్ రాష్ట్రం ప్రతివారం అవే ప్రశ్నలు అడుగుతుంది,
మతిమరుపు మేనత్తలా.

ఈ వారం పని చేశారా? లేదు.
ఎవరైనా ఇస్తామంటే వద్దన్నారా? లేదు.
దొరికితే రేపే చేరగలరా?

నాలుగు వారాల క్రితం అక్కడే ఆగిపోయింది.
రేపు ఎనిమిదింటికి క్లాసు.
రబ్బరు చెయ్యి, రబ్బరు నరం,
అందులో ఎర్రరంగు నీళ్లు.
యాభై మూడేళ్లొచ్చినా అబద్ధమాడడం చేతకాక
"లేదు" నొక్కింది.
బుధవారం డబ్బు రాలేదు.
నేలమాళిగ ట్యాంకులో నూనె పావు వంతుకి దిగింది.

పని లేదని వాళ్లే చెప్పారు,
నేర్చుకోబోతే పనికి సిద్ధంగా లేవన్నారు.
అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినానివ్వదు.

పేపరు మిల్లులో మేమిద్దరం ఒకే షిఫ్టు.
మూడో నంబరు యంత్రం చివర నిలబడి
వేలికొసతో కాగితం మందం చెప్పేది,
మీటరు కంటే ఒక రెప్పపాటు ముందు.
మూసేసిన రోజు గేటు దగ్గర తలో కవరూ ఇచ్చారు.
చదవకుండానే తడిమి,
"మనది కాదు, నాసిరకం" అంది.
నేనొక్కణ్ణే నవ్వాను.

ఫోన్లో నలభై ఒక్క నిమిషాల సంగీతం.
తర్వాత జలుబు చేసిన ఒక కుర్రాడి గొంతు:
శిక్షణకి ఆమోదం తెచ్చుకుంటే
మీరు పని వెతకనక్కర్లేదమ్మా,
రేపే చేరతాననీ అనక్కర్లేదు.
దానికి వేరే ఫారం.
ఎవరూ చెప్పలేదే, అంది.
ఉందండీ, పదకొండో పేజీలో.
తుమ్మాడు. క్షమించమన్నాడు.
ఎందుకో, దేనికో.

టీచరు సంతకం, హాజరు పట్టీ, కోర్సు ముగిసే తేదీ.
కవరు అంటించి మంచులో నడిచెళ్లి పోస్టు చేసింది.

ఆ గురువారం ఆమెకి దొరికిన మొదటి నిజం చెయ్యి నాది.
మోచేతి మడతలో వేలు పెట్టి కళ్లు మూసుకుంది.
సూది ఇంకా ట్రేలోనే ఉంది.
"ఇదిగో" అంది,
మిల్లులో అన్నట్టే.
నాకు నొప్పి తెలియలేదని చెప్పను. కొంచెం తెలిసింది.

మళ్లీ ఆదివారం.
మూడో ప్రశ్న కింద కొత్తగా ఒక గడి మొలిచింది:
ఆమోదం పొందిన శిక్షణలో ఉన్నాను.

వెంటనే నొక్కలేదట.
తెర మీద ఆ గడి దగ్గర
వేలు ఆనించి కాసేపు ఉంచిందట,
మందం తెలుస్తుందేమోనని.