బట్టీల కాడ

మున్సిపల్ ఆఫీసులో నాకిచ్చిన పని చిన్నదే:
చిత్తూరులో ‘బట్టీల కాడ’ అనే చోటు
యాడ మొదలై యాడ ముగుస్తుందో కనుక్కోవడం.
రెవెన్యూ పటంలో ఆ పేరు లేదు.
సున్నపుబట్టీలు నేను పుట్టకముందే ఆరిపోయాయి,
ఇటుకలు ఎవరెవరి గోడల్లోకో పోయాయి.
పేరు మాత్రం ఇంకా ఆటోల్లో తిరుగుతోంది
తలా పది రూపాయలకు.

తెల్లకాగితాలు, పెన్సిలు, రబ్బరు తీసుకుని బయల్దేరాను.

తంగవేలు ముందు ఒక రోడ్డు గీశాడు.
దాని మీద ఓ అడ్డగీత, కాగితం చిరిగేంత గట్టిగా.
“ఇది దాటితే ఇరవై, మేడమ్.”
రెండో పక్క గీతే లేదు.
అడిగితే తల గోక్కున్నాడు:
“అట్ల పోతే వంక. ఆడికి పొయ్యేవాళ్లు ఆటో ఎక్కరు.”

టైలర్ మస్తాన్ సాహెబ్‌కి పెన్సిలు నచ్చలేదు.
నీలం సుద్దబిళ్లతో చుక్కలు చుక్కలుగా చుట్టూ తిప్పి
చుక్కల బయట మళ్లీ వేలెడు జాగా వదిలాడు.
“ఇదెందుకు?”
“లోపలికి మడిచి పెట్టింది.
రేపు ఊరు ఒళ్లు చేస్తే విప్పుకోవాల కదమ్మా.”

పేరు రాయొద్దన్న ఒకాయన
ఇల్లు గీసి, గీత గీసి, చెరిపి, ఇంటికి ఇవతలగా గీసి,
మళ్లీ చెరిపి, రబ్బరుపొట్టు ఊదేసి
“మాది గ్రీమ్స్‌పేట అని రాసుకోండి” అన్నాడు.
“ప్లాటు అమ్మకానికి పెట్టినాం.”

కుప్పమ్మ చెత్తబండి ఆపి
చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని కూర్చుంది.
ఆమె గీసింది గీత కాదు, దారి.
ఇల్లిల్లూ ముట్టుకుంటూ పోయిన పెన్సిలు
ఒక మేడ కాడ పక్కకు తొలిగింది.
“అది నట్టనడుమనే ఉండాది కదా?”
“ఉండనీ మా. ఎండల్లో చెంబుడు నీళ్లడిగితే గేటేసినారు.
నా బట్టీల కాడ వాళ్లు లేరు.”

బట్టీల్లో సున్నపురాయి మోసినవాళ్లలో
మిగిలింది రాజమ్మాళ్ ఒక్కతే.
పెన్సిలు పట్టుకోవడం రాదంది.
చాలాసేపు కాగితాన్ని అరచేత్తో నిమిరింది,
ముడతలేం లేకపోయినా.
“పొగ యాడిదాకా పోతే ఆడిదాకా.”
“ఎంత దూరం, అవ్వా?”
“గాలినడుగు. ఆడినెల్లో ఏటి దాకా పోతుండె.
ఆరేసిన గుడ్డలు యాడ మాసిపోతే ఆడంతా మాదే.”
పెన్సిలు అడ్డంగా పడుకోబెట్టి
కాగితమంతా బూడిదరంగు రుద్దింది,
నడుమ చిక్కగా, పోనుపోను పలచగా,
ఆఖరికి ఉందో లేదో తెలీకుండా.

సాయంత్రం కిటికీ అద్దానికి ఆనించి
కాగితాలన్నీ ఒకదాని మీదొకటి పెట్టి చూశాను.
గీతకు గీత కలవలేదు.
సారు చూసి, స్కేలు పెట్టి గీయరాదా అన్నాడు.
కాడ అంటే దగ్గర, సార్.
దగ్గరంటే ఎంతో
మా ఇంట్లో కూడా తేలలేదు ఇంకా.
ఈ మాట పైకి అనలేదు. స్కేలు తీసుకున్నాను.

సోమవారం, బోర్డు పాతడానికి వచ్చిన పిల్లోడు
గడ్డపార భుజానేసుకుని అడిగాడు:
“గుంత యాడ తియ్యాల, మేడమ్?”

చేయి చాపాను,
వేలు పెట్టి కాదు,
అరచేయి మొత్తం తెరిచి.